సమ్మె చేసి మిల్లులు పోగొట్టుకున్నామా?

(భివండి పద్మానగర్‌లో తెలుగు జౌళి కార్మికుల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతిలో మాట్లాడమని మాకిచ్చిన విషయం "ప్రచార సాధనాలు – ప్రజల నమ్మకాలు". పేరు చూస్తే కాలేజీలో చెప్పే పాఠంలా ఉంది. మేం కాలేజీ మెట్లెక్కిన వాళ్ళం కాదు. మాలో ఎక్కువమందిమి బొంబాయి మిల్లుల్లో సాంచా ఖాతాలో పనిచేసి, 1982 సమ్మెలో ఉండి, ఆ తర్వాత ఈ భివండికి వచ్చి సాంచాలు నడిపినవాళ్ళం. కాబట్టి మాకు బాగా తెలిసిన ఆ ఒక్క సంగతినే పట్టుకుని మాట్లాడతాం.

మొన్న ఒక కార్ఖానాలో మీటరు కూలి పెంచమని అడుగుదామని పదిమంది కూర్చున్నప్పుడు ఏం జరిగిందో మీలో కొందరికి తెలుసు. ఇరవై రెండేళ్ళ కుర్రవాడు లేచి, "తాతా, మీరు బొంబైల సమ్మె జేసి మిల్లులు మూపిచ్చుకున్నరు. ఇప్పుడు మా సాంచెలు గూడ మూపిస్తరా?" అన్నాడు. ఆ మాట సేటు అనలేదు. సేటు ఆ గదిలోనే లేడు. మనవాడే అన్నాడు. వాడు పుట్టేనాటికే ఆ సమ్మె జరిగి ఇరవై ఏళ్ళు దాటింది. నీకెవరు చెప్పారురా అంటే, "అందరికి తెల్సిందే గద" అన్నాడు. ఆ రోజు కూలి మాట అక్కడితో ఆగిపోయింది. పదిమందీ చాయ్ తాగి లేచిపోయారు.

మాకు కోపం రాలేదు. సిగ్గేసింది. ఎందుకంటే మాలోనే కొందరు ఇళ్ళలో పిల్లలతో ఆ మాటే అంటుంటారు. "అందరికీ తెలిసిన" సంగతి ఎట్లా తయారవుతుంది, ఎవరు తయారుచేస్తారు, చివరికి మన నోటిలోకి ఎట్లా వస్తుంది అన్నదే ఇవాళ్టి ముచ్చట.

ముందు జరిగింది జరిగినట్టు చెప్పుకుందాం. 1982 జనవరి 18న బొంబాయిలో దాదాపు 60 మిల్లుల్లో రెండున్నర లక్షలమంది పని ఆపారు. ఏం అడిగాం? పగారు పెంచమన్నాం. ఇంటి అద్దె భత్యం ఇమ్మన్నాం. బద్లీలను పర్మనెంటు చేయమన్నాం. బద్లీ అంటే ఏమిటో ఈ తరానికి చెప్పాలి. పొద్దున భోంగా మోగే వేళకు మిల్లు గేటు దగ్గర నిలబడాలి. పర్మనెంటు మనిషి ఎవరైనా రాకపోతే ఆ సాంచాల మీదికి జాబర్ నిన్ను పిలుస్తాడు. పిలవకపోతే డబ్బా చేతిలో పట్టుకుని తిరిగి ఇంటికి పోవాలి. పెళ్ళాం వండి కట్టిన అన్నం ఇంట్లోనే కూర్చుని తినాలి. అట్లా పదేళ్ళు గేటు దగ్గర నిలబడ్డవాళ్ళు మాలో ఉన్నారు.

ఇంకో కోరిక ఉంది. అన్నిటికంటే అదే పెద్దది. మా తరఫున ఎవరు మాట్లాడాలో మమ్మల్ని తేల్చుకోనివ్వమన్నాం. 1946లో వచ్చిన బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టం ప్రకారం, గుర్తింపు పొందిన ప్రతినిధి సంఘం ఒక్కటే యాజమాన్యంతో మాట్లాడాలి. ఆ గుర్తింపు రాష్ట్రీయ మిల్ మజ్దూర్ సంఘ్ దగ్గర ఉండేది. మేం దాన్ని వదిలి డాక్టర్ దత్తా సామంత్ వెంట నడిచినా చట్టం లెక్కలో ఆ సంఘమే మా సంఘం. రహస్య బ్యాలెట్ పెట్టి తేల్చే పద్ధతి లేదు. కాబట్టి మేం చేసిన సమ్మె పని ఆపిన గంటకే "అక్రమ సమ్మె" అయింది.

పత్రికలన్నీ ఆ "అక్రమ" అన్న మాటను సమ్మె పక్కన పెట్టి రాశాయి. చట్టం ప్రకారం అది తప్పు మాట కాదు. ఆ చట్టం ఎట్లాంటిదో, దాని కింద సక్రమ సమ్మె చేయాలంటే మాకు దారి ఏముందో రాసినవి మాత్రం బహు తక్కువ. మా చాల్‌లో ఇంగ్లీషు చదవగలిగినవాడు ఒక్కడే, మునిసిపల్ బడి పంతులు. సాయంత్రం చాయ్ హోటల్లో పేపరు విప్పి మాకు అర్థం చెప్పేవాడు. వారానికి నాలుగు రోజులు ఒకటే సంగతి. ఉత్పత్తి నష్టం ఎంత, పనిదినాల నష్టం ఎంత. ఒకసారి మాలో ఒకడు అడిగాడు. "పంతులుగారూ, గేటు దగ్గర నిలబడి తిరిగొచ్చిన నా రోజులు ఈ పనిదినాల లెక్కలో ఉన్నాయా?" ఆయన పేపరు మడిచి లోపల పెట్టుకున్నాడు.

ఈ పనిదినాల లెక్క సంగతి కొంచెం ఆగి చూడండి. సమ్మె చేస్తే ప్రతి మనిషికీ ప్రతి రోజునూ లెక్కగట్టి దేశానికి ఇంత నష్టం అంటారు. లాకౌటుకూ లెక్క ఉంది. అదే మిల్లు శాశ్వతంగా మూతపడితే, ఐదువేలమంది మిగతా జీవితమంతా పోగొట్టుకున్న రోజులు ఆ పట్టికలోకి రావు. మూసివేత వేరే పద్దు. పట్టికలో లేనిది పేపర్లోకి రాదు. పేపర్లోకి రానిది జరగనట్టే లెక్క.

పత్రికలన్నీ అబద్ధాలు రాశాయని మేం అనటం లేదు. చాల్ గదుల్లో కూర్చుని మా గిన్నెల చప్పుడు విని రాసిన విలేఖరులు ఉన్నారు, వాళ్ళకు దండం పెడతాం. మిగతావాళ్ళు రాసిందీ చాలావరకు నిజమే. ఉత్పత్తి ఆగింది, నిజం. నాయకుడు మొండివాడు, అదీ నిజం, మాకంటే ఎవరికి బాగా తెలుసు! కానీ వేయి నిజాలున్నప్పుడు ఏది మొదటి పేజీకి పోవాలి, ఏది లోపలి పేజీ అడుగున రెండు వరుసలు కావాలి అన్నది ఒకరు కూర్చుని నిర్ణయిస్తారు. కథ మారిపోయేది అక్కడే. మా సమ్మె "సామంత్ సమ్మె" అయింది. రెండున్నర లక్షలమంది తమ బుర్రతో ఆలోచించి పని ఆపారని రాయటం కన్నా, ఒక డాక్టరు వచ్చి గొర్రెలమందను తోలుకుపోయాడని రాయటం సులువు. ఆయన్ను పొగిడినవాళ్ళూ అట్లాగే రాశారు, తిట్టినవాళ్ళూ అట్లాగే రాశారు.

ఆ నిర్ణయించేవారు ఎవరు? రెండవ ప్రెస్ కమిషన్ తన నివేదిక ఇచ్చింది సరిగ్గా 1982లోనే. పత్రికల యాజమాన్యాన్ని ఇతర పరిశ్రమల నుంచి వేరు చేయాలని అది సిఫారసు చేసింది. మిల్లులూ, ఇతర కంపెనీలూ ఉన్నవాడి చేతిలోనే పత్రిక కూడా ఉంటే ఏమవుతుందో ప్రభుత్వం వేసిన కమిషనుకే తెలిసిందన్నమాట. సిఫారసు కాగితాల్లోనే ఉండిపోయింది. అయితే యజమాని రోజూ ఫోన్ చేసి ఇది రాయి, అది రాయకు అంటాడని అనుకోకండి. అంత శ్రమ అక్కర్లేదు. రాసేవాడు ఉండే పేట వేరు, వాడి స్నేహితులు వేరు, వాడి పిల్లలు చదివే బడి వేరు. మిల్లు గేటు దాకా వాడు రావాలంటే రెండు బస్సులు మారాలి.

అదే సంవత్సరం ఇంకొకటి జరిగింది. 1982 ఆగస్టు 15న దూరదర్శన్ రంగుల్లోకి వచ్చింది, ఢిల్లీ నుంచి జాతీయ కార్యక్రమం మొదలైంది. నవంబరులో ఆసియా క్రీడలు. మా సమ్మెకు అప్పటికి పదకొండో నెల. ఇంట్లో ఇత్తడి బిందెలు అమ్ముకున్న మనుషులం, పక్క వీధి దుకాణం ముందు నిలబడి ఆ రంగులు చూశాం. పచ్చటి మైదానం, గుమ్మటం లాంటి స్టేడియం, అప్పూ అనే ఏనుగుపిల్ల. చప్పట్లు కూడా కొట్టాం. ఉన్న టీవీ అదొక్కటే, అది ప్రభుత్వానిది. దేశమంతా ఆ పెట్టెలో కనబడింది. పట్నం నడుమ పొగ ఆగిన చిమ్నీలు మాత్రం మేం నిలబడి చూసిన రోజుల్లో కనబడలేదు. అప్పుడు మాలో ఒకడు అన్నమాట ఇప్పటికీ గుర్తు: "మనం లేకపోయినా దేశం బాగనే ఉన్నట్టుంది గదరా." వాడు మరుసటి నెలలో ఊరికి పోయాడు. మళ్ళీ రాలేదు. ఆకలి మనిషిని లొంగదీస్తుంది, ఒప్పుకుంటాం. తన బాధ ఎవరికీ కనబడటం లేదన్న భావన అంతకంటే ముందే లొంగదీస్తుంది.

సినిమా సంగతి కూడా చెప్పాలి. మీలో చాలామందికి సినిమాలే ఇష్టం కాబట్టి కొంచెం ఆగి చెబుతాం. 1975లో వచ్చిన 'దీవార్' చూడని వాడు మా తరంలో లేడు. అందులో అమితాబ్ బచ్చన్ తండ్రి కార్మిక నాయకుడు. పెళ్ళాం పిల్లల్ని అడ్డం పెట్టుకుని యాజమాన్యం ఆయన చేత సంతకం పెట్టిస్తుంది. కార్మికులు ఆయన్ను ద్రోహి అంటారు. కొడుకు చేతి మీద తండ్రి దొంగ అని పచ్చబొట్టు పొడుస్తారు. అక్కడినుంచి కథ కొడుకుదే. ఆ కార్మికులకు కూలి పెరిగిందా, ఆ సంతకం పెట్టించుకున్న యజమాని ఏమయ్యాడు, సినిమా మళ్ళీ అడగదు. మేమూ అడగలేదు. గోదాములో తలుపు వేసి రౌడీలను కొట్టే సీనుకు ఈలలు వేసి ఇంటికొచ్చాం.

మా సమ్మె మీదే 2010లో మహేశ్ మంజ్రేకర్ తీసిన సినిమా ఉంది. హిందీలో 'సిటీ ఆఫ్ గోల్డ్', మరాఠీలో 'లాల్‌బాగ్ పరళ్'. మంచి మనసుతో తీశారు, మా ఆడవాళ్ళు చూసి ఏడ్చారు. కానీ ఆ సినిమా చూసి బయటికొచ్చిన బయటివాళ్ళకు ఏం గుర్తుంటుంది? మిల్లు కార్మికుడి కొడుకు అంటే తుపాకి పట్టినవాడు అని. అట్లా పోయిన పిల్లలు లేరా? ఉన్నారు. కానీ భాజీ బండి పెట్టినవాళ్ళు, వాచ్‌మన్ పనికి పోయినవాళ్ళు, పాపడాలు చేసి, ఇళ్ళల్లో పనిచేసి పిల్లల్ని చదివించిన మా ఆడవాళ్ళు, వీళ్ళు వేలకు వేలు. వీళ్ళ మీద సినిమా తీస్తే టికెట్టు తెగదు. తెలుగులో 'ఎర్రమల్లెలు' వంటివి 1981లో వచ్చాయి కదా అంటారు. వచ్చాయి, మేం మురిసిపోయాం. ఇటువంటి సినిమాల్లో కార్మికుడు నిప్పులు కక్కే వీరుడు. పగారు చిట్టీ ముందు పెట్టుకుని కోతలు లెక్కబెట్టే మామూలు మనిషి మాత్రం అక్కడా లేడు.

ఒక్కసారి మన భివండి పేరు పేపర్లో ఎప్పుడు వస్తుందో గుర్తు తెచ్చుకోండి. గోదాము కాలితే వస్తుంది, భవనం కూలితే వస్తుంది. 1970లో, 1984లో ఇక్కడ మతకల్లోలాలు జరిగాయి, అప్పుడు దేశమంతా వచ్చింది. ఆ తర్వాత 1988 నుంచి ఇక్కడి పోలీసు అధికారి సురేశ్ ఖోపడే చొరవతో మొహల్లా కమిటీలు పెట్టారు. హిందువులూ ముస్లిములూ కలిసి కూర్చున్నారు. 1992 డిసెంబరులో, 1993 జనవరిలో బొంబాయి తగలబడుతుంటే భివండి చల్లగా ఉంది. ఆ సంగతి తెలిసినవాళ్ళు మొదట్నుంచీ తక్కువ. ఇవాళ్టికీ బయటివాడికి భివండి అంటే కొట్లాటల ఊరే. తగలబడిన ఊరికి ఫొటో ఉంటుంది, తగలబడని ఊరికి ఫొటో ఏం తీస్తారు?

మన సిరిసిల్లకూ అంతే. నేతన్నలు వరసగా ప్రాణాలు తీసుకుంటున్న రోజుల్లో ఎవరో దాన్ని 'ఉరిసిల్ల' అన్నారు, ఆ పేరు పత్రికల్లో పాకింది. ఆ పేరు పెట్టినవాళ్ళకు బాధ ఉండే పెట్టారు. ఆ కాలంలో సిరిసిల్ల వాళ్ళమని చెబితే ఎదుటివాళ్ళ ముఖంలో జాలి వచ్చేది. జాలి వచ్చిన చోట ఇంకో ప్రశ్న రాదు. నూలు ధర ఎవరు పెంచారు, కరెంటు రేటు ఎంత, ఆసామికి ఏం మిగిలింది అని ఎవరడుగుతారు?

ఇక కుర్రవాడి ప్రశ్నకు వద్దాం. సమ్మె వల్లనే మిల్లులు మూతపడ్డాయా? అహ్మదాబాదు చూడండి. అక్కడ మా సమ్మె లాంటిది జరగలేదు. గాంధీగారి కాలం నుంచి రాజీ పద్ధతికి పేరుపడిన సంఘం ఉన్న ఊరు అది. అయినా 1980లలో, 1990లలో అక్కడ మిల్లు మీద మిల్లు మూతపడింది, వేలాదిమంది రోడ్డున పడ్డారు. కాన్పూరు మిల్లులూ పోయాయి. మన షోలాపూరులో పాత పెద్ద మిల్లులూ లేవు. ఇన్ని ఊళ్ళలో సామంత్ తిరిగాడా? యంత్రాలు పాతబడ్డాయి, లాభం తీసుకెళ్ళి వేరే వ్యాపారాల్లో పెట్టారు, నేత పని చవక కూలి ఉన్న మరమగ్గాల మీదికి మళ్ళించారు. 1982కి ముందే బలహీనపడిన మిల్లులను సమ్మె దెబ్బ తీసింది, అది కాదనం. ఆ దెబ్బ ఒక్కటే చంపిందంటే మాత్రం ఒప్పుకోం.

ఆ తర్వాత భూమి. 1991లో వచ్చిన అభివృద్ధి నియమాల్లో 58వ నియమం మిల్లు స్థలాలు అమ్ముకోవటానికి దారి తీసింది. స్థలం మూడు వాటాలు, ఒకటి కార్పొరేషనుకు మైదానాల కోసం, ఒకటి మ్హాడాకు ఇళ్ళ కోసం, ఒకటి యజమానికి. 2001లో దాన్ని మార్చారు. పంచాల్సింది మొత్తం స్థలాన్ని కాదు, కట్టడాలు లేని ఖాళీ జాగాను మాత్రమే అన్నారు. వాటాలు కుంచించుకుపోయాయి. 2006 మార్చిలో సుప్రీంకోర్టు కూడా ఆ మార్పును నిలబెట్టింది. అంతకు ముందు ఏడాది, 2005లో, ఎన్.టి.సి. కింద ఉన్న ముంబై టెక్స్‌టైల్ మిల్లు స్థలం 702 కోట్లకు అమ్ముడుపోయింది. పదిహేడెకరాల జాగా. ఇవన్నీ పేపర్లలో వచ్చాయి, దాచలేదు. రియల్ ఎస్టేటు పేజీలో, వ్యాపారం పేజీలో వచ్చాయి. సమ్మె సంగతి పాత జ్ఞాపకాల పేజీలో వచ్చింది. రెండు పేజీలూ ఒకేచోట కలిపి చూపించినవాళ్ళు తక్కువ.

ఇళ్ళ సంగతీ అంతే. మిల్లు కార్మికులకు ఇళ్ళు కావాలని ఏళ్ళ తరబడి మోర్చాలు తీస్తే, 2012లో మ్హాడా 6,925 ఇళ్ళకు లాటరీ తీసింది. దరఖాస్తులు ఇళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పేరు వచ్చినవాళ్ళను పేపర్లు "విజేతలు" అని రాశాయి. విజేతలట! ముప్పై ఏళ్ళ సర్వీసుకు రావలసిన బాకీ, లాటరీ తగిలిన అదృష్టం అయింది. రానివాళ్ళు "దురదృష్టవంతులు" అయ్యారు. బాకీ పడినవాడు ఎవరో ఆ మాటల్లో ఎక్కడా లేదు.

ఇప్పుడు మా తప్పు కూడా చెప్పుకోవాలి. చెప్పకపోతే మేం కూడా ఆ పేపర్ల పనే చేసినట్టు. అంత పెద్ద సమ్మెకు మా దగ్గర నిధి లేదు. ఎక్కడ ఆపాలో, ఎంతకు రాజీపడాలో ముందు అనుకోలేదు. సమ్మె విరమించామని ఎవరూ ప్రకటించనే లేదు. ఇంకొకటి, గొంతులో ముల్లులా ఉన్నది. బొంబాయి మిల్లులు ఆగితే బట్ట ఆగలేదు. మిల్లు యజమానులు భివండి సాంచాల మీద నేయించుకుని తమ ముద్ర వేసి అమ్ముకున్నారు. ఆ బట్ట నేసింది ఎవరు? ఆకలికి తాళలేక భివండి వచ్చిన మేమే. పగలు ఇక్కడ పాళీ చేసి, ఆదివారం బొంబాయి సభకు పోయి జిందాబాద్ కొట్టాం. మా సమ్మెను మా చేతులతోనే నేసి విరిచాం. ఈ సంగతి మాకు తెలుసు కాబట్టే, "సమ్మె వల్ల మిల్లులు పోయాయి" అని పేపరు అన్నప్పుడు మేం గట్టిగా ఎదురు చెప్పలేకపోయాం. సామంత్‌దే తప్పు అంటే మా సంగతి అడిగేవాడు ఉండడు కదా. వాళ్ళ కథ మాకూ కొంత పనికొచ్చింది. 1997 జనవరి 16న ఆయన్ను తుపాకులతో కాల్చి చంపారు. ఇక ఆయన వచ్చి జవాబు చెప్పేదీ లేదు.

ఇప్పటి పిల్లలు పేపరు ముట్టరు. అంతా ఫోనులోనే. ఆ రోజు సభ అయ్యాక కుర్రవాణ్ణి పక్కకు పిలిచి, కసరకుండా, ఎక్కడ చూశావో చూపించమన్నాం. చూపించాడు. రెండు నిమిషాల వీడియో, వెనక విషాద సంగీతం. ముందు చిమ్నీ, తర్వాత జెండాల గుంపు, తర్వాత తాళం వేసిన గేటు, చివర మెరిసే మాల్. జెండా వెనకనే తాళం వచ్చింది కాబట్టి జెండానే తాళం వేసినట్టుంది. నడుమ ఏళ్ళు లేవు, 1991 లేదు, 702 కోట్లు లేవు. ఎవరు చేశారో పేరు లేదు. వాడికి పంపినవాడు స్వంత బావ. పేపరును అనుమానించవచ్చు గానీ బావను ఎట్లా అనుమానిస్తాడు? వాడు మళ్ళీ నలభైమందికి పంపాడు.

మేం ఆ వీడియోను మూడుసార్లు చూశాం. మూడోసారి వాడే ఆపి, "ఈ తాళం ఎవరేసిన్రు తాతా?" అని అడిగాడు. చెప్పాం, రాత్రి పదకొండు దాకా చెప్పాం. లేచేముందు ఇంకోటి అడిగాడు. "అప్పట్ల మీకు నెలకు పగారెంత వచ్చేది?" ఇన్నేళ్ళలో ఏ విలేఖరీ, మా పిల్లలు కూడా అడగని ప్రశ్న అది. మేం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఒక్కొక్కరం ఒక్కో అంకె చెప్పాం.

అందుకే మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాం. పై ఆదివారం మళ్ళీ ఇక్కడే కూర్చుంటున్నాం. మాలో ఒకరి ట్రంకుపెట్టెలో 1981 నాటి పగారు చిట్టీ ఉంది, అంచులు చెదలు తిన్నాయి గానీ అంకెలు కనబడుతున్నాయి. అది తెస్తున్నాం. మీ ఇళ్ళలో తాతలవీ మేనమామలవీ బద్లీ కార్డులు, ప్రావిడెంటు ఫండు కాగితాలు, గేటు పాసులు ఉంటే పారేయకుండా తీసుకురండి. సమ్మె రోజుల్లో పంచిన కరపత్రం తెలుగులో ఒక్కటైనా మాకింతవరకు దొరకలేదు. కామాఠిపురాలో, వర్లీలో చుట్టాలున్నవాళ్ళు అడిగి చూడండి. కుర్రవాడు ఫోనుతో ఫొటోలు తీస్తానన్నాడు.